పదో తరగతి ఒత్తిడి, పిల్లల మాట, బడి వేడుకలు: ఒకే క్యాలెండర్‌లో ఎలా ఇమడ్చాలి?

సోషల్ టీచర్, చంద్రగిరి వైపు

అందరికీ నమస్కారం. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు నుంచి పది వరకు 320 మంది పిల్లలు, పదిలో రెండు సెక్షన్లు. సగం మంది పల్లెల నుంచి ఆర్టీసీ బస్సు పాసు మీద వస్తారు. ఈ ఏడాది విద్యార్థి సంఘాన్ని పేరుకు కాకుండా పనికొచ్చేలా నడపాలని హెచ్ఎం గారూ స్టాఫూ అనుకుంటున్నాం. ఇప్పటిదాకా లీడరంటే ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పించేవాడు, సుద్దముక్కలు తెచ్చేవాడు, అంతే.

పిల్లల్ని అడిగితే అందరూ ఒత్తిడి గురించే చెబుతున్నారు. ఒకే రోజు రెండు మూడు స్లిప్ టెస్టులు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో వార్షికోత్సవం రిహార్సళ్లు, ఊళ్లో పండగలు. టీచర్లకేమో సిలబస్ భయం. వేడుకలు తగ్గించేద్దామని కొందరు, పిల్లలు కాస్త తేలికపడేది వాటిలోనే కదా అని ఇంకొందరు.

సంఘాన్ని ఎలా ఎన్నుకోవాలి, ఏయే విషయాలు వాళ్ల చేతికి ఇవ్వొచ్చు? సలహాల పెట్టె పెడితే నిజంగా రాస్తారా? ఏ పిల్లది మామూలు పరీక్షల దిగులు, ఏ పిల్లకు డాక్టరు సాయం కావాలి అన్నది క్లాసు టీచరు ఎలా పోల్చుకోవాలి? వార్షికోత్సవం ఎప్పుడు పెట్టాలి? రేపు బడికెళ్లి చేయగలిగేవి చెప్పండి, చాలు.

హెచ్ఎం, చిత్తూరు

మేడమ్, ఎన్నికకంటే ముందు ఒక పని చేయండి. పదో తరగతి పిల్లల రోజు ఎలా గడుస్తోందో కాగితం మీదికి తీసుకురండి. రెండు వారాలు రాయిస్తే చాలు. ఒక్కో రోజుకు ఏడు గడులు: లేచిన టైము, పొద్దున ఇంటిపని, బస్సు టైము, ఆ రోజు టెస్టులు, ఇచ్చిన హోంవర్కు, ఇల్లు చేరిన టైము, పడుకున్న టైము. పేరు వద్దు, ఊరు మాత్రం రాయమనండి. ఇంటిపని గడి మాత్రం వదలొద్దు. మన వైపు పాడి లేని పల్లె తక్కువ. తెల్లవారగానే పాలు పితికి కేంద్రంలో పోసి బడికొచ్చే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. నగరి, పుత్తూరు వైపైతే ఇంట్లో మరమగ్గం ఉంటుంది. తిరుపతి టౌనులో అమ్మానాన్నలు లాడ్జీల్లో, హోటళ్లలో నైట్ డ్యూటీ చేస్తుంటే తమ్ముణ్ణి బడికి తయారుచేసేది ఈ పిల్లే.

కాగితాలు చేతికొచ్చాక లెక్క వేయండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఐదింటికి లేచే పిల్ల ఎనిమిది గంటలు నిద్రపోవాలంటే రాత్రి తొమ్మిదికి పడుకోవాలి. స్టడీ అవర్ ముగిసి, బస్సు పట్టుకుని ఆరున్నరకు ఇల్లు చేరుతుంది. మిగిలింది రెండున్నర గంటలు. స్నానం, అన్నం, ఇంట్లో చిన్నాచితకా పనులకు గంటన్నర పోతే పుస్తకం ముందు కూర్చోగలిగేది ఒక్క గంట. ఆ ఒక్క గంటలో ఏడు సబ్జెక్టుల పని పట్టాలి. ప్రతి టీచరూ "నేనిచ్చింది అరగంట పనే" అంటారు, అబద్ధం కాదు. కానీ ఏడు అరగంటల్నీ కలిపి మోసేది ఆ పిల్ల ఒక్కతే. ఈ లెక్క పిల్లల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. వాళ్లను అడగమనేది ఇందుకే.

ఆ లెక్కను స్టాఫ్ మీటింగులో పెట్టి ఒక కట్టుబాటు చేసుకోండి: రోజుకు ఒకే టెస్టు, వారంలో నాలుగుకు మించకూడదు. ఏడు సబ్జెక్టులకు వారానికి నాలుగంటే ఒక్కో సబ్జెక్టుకు పది పదకొండు పనిదినాలకు ఒకసారి వంతు వస్తుంది. బోర్డు పక్కన నెల చార్టు అంటించండి. టెస్టు పెట్టదలచినవాళ్లు కనీసం మూడు రోజుల ముందు ఆ తేదీ గడిలో సబ్జెక్టు రాయాలి. గడి నిండి ఉంటే ఇంకో రోజు చూసుకోవాలి. చార్టు చూసుకునే బాధ్యత క్లాసు ప్రతినిధిది. ఇది ఎక్కడ చెడుతుందంటే, సీనియర్ టీచరు ఎవరో వచ్చి నిండిన గడిలోనే తన సబ్జెక్టు కూడా ఇరికిస్తారు. పిల్ల వద్దని చెప్పలేదు. కాబట్టి "గడి నిండితే ఆ రోజు ఇంకో టెస్టు లేదు" అని చార్టు పైనే రాసి హెచ్ఎం సంతకం పెట్టాలి. అప్పుడు పిల్ల నోరు తెరవక్కర్లేదు, సంతకం చూపిస్తే చాలు.

ఇక సంఘం. సెక్షనుకు ఇద్దరు. ఒకరిని రహస్య ఓటుతో ఎన్నుకోనివ్వండి, ఇంకొకరిని చీటీ వేసి తీయండి. ఓటులో అబ్బాయి గెలిస్తే చీటీ అమ్మాయిల పేర్లలోంచి, అమ్మాయి గెలిస్తే అబ్బాయిల్లోంచి. ఓటు ఒక్కటే పెడితే గట్టిగా మాట్లాడేవాళ్లు, పెద్ద ఊరివాళ్లు, కులం బలం ఉన్నవాళ్లు గెలుస్తారు. టీచర్లు ఎంపిక చేస్తే ఫస్టు ర్యాంకులు వస్తాయి. వెనక బెంచీ పిల్లకు మీటింగులో చోటు దొరకాలంటే చీటీ తప్ప దారి లేదు. పేరొచ్చిన పిల్ల వద్దంటే బలవంతపెట్టకుండా ఇంకో చీటీ తీయండి. మార్కుల షరతు అసలే వద్దు. మూడు నెలలకోసారి మార్చండి. డిసెంబరు నుంచి పనులన్నీ తొమ్మిదివాళ్లకు అప్పజెప్పి, పది నుంచి ఒక్కొక్కరు తమ సెక్షను సంగతి చెప్పి వెళ్తే చాలు.

నెలకు రెండు మీటింగులు, 45 నిమిషాలు, బడి టైములోనే. సాయంత్రం పెడితే బస్సు పిల్లలు రారు. మూడు విషయాలకు మించి పెట్టొద్దు. మొదటి అరగంట పిల్లలే మాట్లాడుకోవాలి. ఒక టీచరు వెనక కూర్చుని వింటారు. హెచ్ఎం చివరి పావుగంటకు రావాలి. ముందే వస్తే మీటింగంతా హెచ్ఎం ఉపన్యాసం అవుతుంది. వచ్చాక ఒక్కో విషయానికి మూడు జవాబుల్లో ఒకటి ఇవ్వాలి: "అవును"; "కాదు, కారణం ఇదీ"; "ఫలానా తేదీకి చెబుతా". మినిట్స్ పుస్తకంలో నాలుగు గడులు చాలు: ఏం అడిగారు, ఏం తేలింది, ఎవరు చేయాలి, ఎప్పటికి. మర్నాడు ప్రేయర్‌లో ప్రతినిధి చదవాలి. "కాదు" అన్న జవాబుకు పిల్లలు అంతగా నొచ్చుకోరు. అడిగి రెండు నెలలైనా ఏ మాటా రాకపోతే మాత్రం మళ్లీ అడగరు.

పూర్తిగా వాళ్లకే వదిలేయదగినవి: టెస్టుల చార్టు, బెంచీల వంతు, లైబ్రరీకి తెప్పించే పుస్తకాలు, ఆటల పోటీల జట్లు, వార్షికోత్సవంలో ఐటమ్‌ల ఎంపిక. అడిగి మనం నిర్ణయించేవి: స్టడీ అవర్ టైము, మధ్యాహ్న భోజనంలో లోపాలు, మరుగుదొడ్ల శుభ్రత. క్లాసులో మాట్లాడినవాళ్ల పేర్లు రాసే పని మాత్రం ప్రతినిధికి ఎప్పుడూ ఇవ్వకండి. ఆ ఒక్క పనితో వాడు పిల్లల మనిషి కాకుండా పోతాడు, తర్వాత వాడికి ఎవరూ ఏదీ చెప్పరు.

పేరెంట్స్ కమిటీ సభ్యుడు, పలమనేరు

టీచరమ్మా, హెచ్ఎం సారు చెప్పిన లెక్క ఇంటికాడ కూడా చూపించాల. బిడ్డకి గంటే మిగులుతుందని చానామంది అమ్మానాయనకి తెలీదు. 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న ఒకసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగినాయి కదా, అట్లాంటి దినం మార్కుల కార్డుతో పాటు ఆ గంట లెక్క రాసిన కాగితం కూడా చేతిలో పెట్టండి. "బాగా చదివించండి" అంటే ఎవురూ వినరు. "జనవరి నుంచి మార్చి దాకా పొద్దున పాలపని ఈ బిడ్డకి చెప్పొద్దండి" అని ఒక్కటే అడగండి, చేస్తారు.

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని వాడుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం దాంట్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాల, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాల. బస్సు టైము స్టడీ అవర్‌కి కుదరకపోతే బిడ్డలు ఒక్కొక్కరే పోయి కండక్టరు దగ్గిర మొత్తుకుంటే ఏం లాభం? కమిటీ తీర్మానం రాసి, ఏ ఊరికి ఎంతమంది బిడ్డలో, పాసు నంబర్లతో పట్టీ జతచేసి డిపో మేనేజరుకి ఇయ్యండి. అప్పటికీ బస్సు కుదరకపోతే స్టడీ అవరే మార్చుకోవాల, పొద్దున ఫస్టు పీరియడుకి ముందర పెట్టుకోవాల. చీకటి పడినాక ఆడబిడ్డల్ని రోడ్డు మీద నిలబెట్టే స్టడీ అవర్ మాకొద్దు.

ఇంకోటి మైకులు. మన పల్లెల్లో భారతం పడితే పద్దెనిమిది దినాలు, పగలు హరికథ, రాత్రి తెల్లారేదాకా నాటకం. పరీక్షల ముందర పడితే బిడ్డలకి నిద్ర ఉండదు. నాటకం ఆపమని అడగొద్దు, అది ఊరి మొక్కు. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చినాయి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టకూడదని ఉంది. దాన్ని పట్టుకుని పోలీసుల దగ్గిరికి పోతే ఊర్లో పగలు పెరుగుతాయి. అదే బిడ్డలే అర్జీ రాసి, కమిటీ సంతకంతో గుడి పెద్దలకి ఇస్తే మాట చెల్లుతుంది. అడిగేది కూడా తేలిగ్గా ఉండాల: ఊరి వైపు తిప్పిన హారన్లు రాత్రి పదికి ఆపేసి, నాటకం కాడ బాక్సులు మాత్రం ఉంచండి అని. కరపత్రాలు అచ్చు కాకముందే, నెల ముందర పోవాల. పందిరి వేసినాక పోతే ఎవురూ వినే తీరిక్లో ఉండరు.

స్కూల్ కౌన్సెలర్, తిరుపతి

సలహాల పెట్టె గురించి. సాధారణంగా అది హెచ్ఎం గది బయట వేలాడుతుంది, అందుకే ఖాళీగా ఉంటుంది. అక్కడ చీటీ వేస్తున్న పిల్లను స్టాఫ్ రూము మొత్తం చూస్తుంది. ఇలా చేసి చూడండి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చీటీలు అచ్చు వేయించండి: "ఈ వారం బాగుంది", "పని ఎక్కువైంది", "బడిలో ఒకరి వల్ల ఇబ్బంది ఉంది", "ఒకరితో విడిగా మాట్లాడాలి" అని నాలుగు గడులు, కింద రెండు గీతలు ఖాళీగా. శుక్రవారం ఆఖరి పీరియడులో పది నిమిషాలు. ప్రతి ఒక్కరూ ఒక చీటీ వేయాల్సిందే, ఖాళీదైనా సరే. అందరూ వేస్తారు కాబట్టి ఎవరు ఫిర్యాదు చేశారన్నది పక్కవాళ్లకు తెలియదు. టిక్కులతో చేతిరాత కూడా బయటపడదు.

పెట్టెకు తాళాలు రెండు ఉండాలి, ఒకటి మహిళా టీచరు దగ్గర, ఒకటి కమిటీలోని ఒక తల్లి దగ్గర. ఇద్దరూ కలిసి తెరిచి, మామూలు విషయాలను వేరే కాగితం మీదికి ఎక్కించి సంఘానికి ఇవ్వాలి. అసలు చీటీలు టీచర్ల మధ్య తిరగకూడదు. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేస్తున్నారని, వెంటపడుతున్నారని, ఫోన్‌లో ఫొటోలు అడుగుతున్నారని రాస్తే అది సంఘం మీటింగుకు పోదు, ప్రేయర్‌లో వినపడదు. ఆ చీటీ చించకండి. తేదీ వేసి కవరులో సీలు చేయండి. పిల్లలపై లైంగిక నేరాల కోసం వచ్చిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ముందు మనమే విచారణ చేద్దామని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం చాలా ప్రమాదం: పిల్ల మాట మార్చేస్తుంది, అవతలివాళ్లు జాగ్రత్తపడతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు.

దిగులు పోల్చుకోవడం. పరీక్ష ముందు కడుపులో తిప్పడం, చేతులు చల్లబడటం, ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే, పరీక్ష అయ్యాక పోతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఆలోచించాలి. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అనే పిల్ల, అన్నం డబ్బా తెరవని పిల్ల, ఇష్టమైన ఆట మానేసిన పిల్ల, ఉన్నట్టుండి మార్కులు పడిపోయిన పిల్ల, క్లాసులో నిద్రపోయే పిల్ల. ఇందులో అల్లరి చేసేవాళ్లూ ఉంటారు. అబ్బాయిల్లో దిగులు చాలాసార్లు చిరాకుగా, కొట్లాటగా బయటికొస్తుంది. క్లాసు టీచరు హాజరు పట్టీలో నెలకు మూడు సోమవారాలు రాని పేర్ల పక్కన చుక్క పెట్టుకుంటే సగం పని అయినట్టే.

తక్షణం కదలాల్సినవి వేరు: "నేను లేకపోతే అందరికీ మేలు" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, చేతులు కోసుకున్న గుర్తులు. అప్పుడు సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం వద్దు. అడిగినందుకే ఊరట పొందే పిల్లలు ఎక్కువ. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకండి, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. తల్లిదండ్రుల్ని పిలిపించండి, ఇంట్లోవాళ్ల వల్లే ప్రమాదమని పిల్ల చెబితే ముందు 1098. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు, అక్కడ మానసిక వైద్యులుంటారు. పల్లెల్లో తల్లిదండ్రులకు ఒక మాట తప్పకుండా చెప్పండి: మామిడి తోటకు తెచ్చిన మందులు తాళం వేసి పెట్టమని.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు స్టాఫ్ మీటింగులో చదివించండి. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి బ్యాచీలుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం వీలైనంతవరకు మానాలి. హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనిపించాలి. మీకు 320 మంది ఉన్నారు కాబట్టి ఈ తీర్పును ఉటంకిస్తూ కౌన్సెలర్ కోసం మండల విద్యాధికారికి రాయొచ్చు.

సోషల్ టీచర్, చంద్రగిరి వైపు

అందరికీ ధన్యవాదాలు. శుక్రవారం చీటీల పద్ధతి వెంటనే మొదలుపెట్టొచ్చు. మా మ్యాథ్స్ సారు ఒకటి అడుగుతున్నారు: టెస్టులు వారానికి నాలుగే అంటే 35 కూడా దాటని పిల్లల సంగతేమిటి? రోజూ రాయిస్తేనే కదా వాళ్లకు అలవాటయ్యేది?

మ్యాథ్స్ అసిస్టెంట్, పుత్తూరు

రాయించడం వేరు, టెస్టు వేరు సార్. మార్కు వేయకుండా రోజూ పది నిమిషాలు రాయించండి, ఎవరూ వద్దనరు. పిల్లను కుంగదీసేది మార్కు, ఆ మార్కు వినిపించే తీరు.

35 దాటని పిల్లకు ప్రశ్నపత్రాన్ని విప్పి చూపించండి. గణితం 100 మార్కులు, 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొదటి రెండు సెక్షన్లే 28 మార్కులు. వాటితో పాటు నాలుగు మార్కులవి రెండు చేస్తే 36. "లెక్కలు నాకు రావు" అనే పిల్లకు ఈ కూడిక బోర్డు మీద చేసి చూపిస్తే భయం సగం తగ్గుతుంది. హిందీకి పాస్ మార్కు 20 అని కూడా చాలామంది పిల్లలకు తెలియదు, అనవసరంగా బెంగపడతారు. అలాంటి పిల్లకు డిసెంబరులో ఎనిమిది మార్కుల ప్రశ్నలు రుద్దడం దండగ. సంఖ్యాశాస్త్రం, సంభావ్యత, శ్రేఢుల్లో చిన్న లెక్కలు ముందు పట్టుకోనివ్వండి.

పెట్టే టెస్టు ఇలా ఉండాలి: 20 నిమిషాలు, పది ప్రశ్నలు, అందులో ఆరు ఇప్పటి పాఠం, నాలుగు పాత పాఠాలవి. పాతవి కలపకపోతే ఫిబ్రవరికి జూలై పాఠం గుర్తుండదు, అక్కడే ప్రీ-ఫైనల్ గాభరా మొదలవుతుంది. మర్నాటికల్లా దిద్ది ఇవ్వాలి, వారం తర్వాత ఇస్తే ఎవరూ చూడరు. దిద్దిన పేపరు పక్కన పిల్ల తనే మూడు గుర్తుల్లో ఒకటి వేయాలి: తెలీదు, తెలిసి తప్పాను, ప్రశ్న సరిగా చదవలేదు. మూడో గుర్తు ఎక్కువున్న పిల్లకు మళ్లీ పాఠం చెప్పడం వృథా. పెన్సిలుతో ప్రశ్నలో ఏం అడిగారో కింద గీత గీయడం అలవాటు చేయాలి. పరీక్షలో ఉండే 3 గంటల 15 నిమిషాల్లో మొదటి 15 నిమిషాలు చదువుకోవడానికే ఇస్తారు. ఆ పావుగంటను ప్రీ-ఫైనల్‌లోనే వాడించండి.

తప్పు జవాబును పదిసార్లు ఇంపోజిషన్ రాయించడం ఆపేయండి. మూడోసారి నుంచి చెయ్యి మాత్రమే రాస్తుంది, ఆ రాత్రి ఆ పిల్లకు మిగిలిన ఒక్క గంటా దానికే పోతుంది. పైగా చదువు చెప్పే చోట శారీరక దండన, మానసిక వేధింపు రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం.

హాల్లో చేతులు వణికే పిల్లకు: పెన్ను కింద పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలడం, రెండు నిమిషాలు. పరీక్షరోజు కొత్తగా చెబితే పనిచేయదు, ప్రతి టెస్టు ముందూ క్లాసంతా చేయాలి.

పీఈటీ (వ్యాయామ టీచరు), తిరుపతి

వేడుకల సంగతి. వార్షికోత్సవం డిసెంబరు మూడో వారంలోపు, లేదంటే సంక్రాంతి సెలవులకు ముందు. ఫిబ్రవరిలో పెడితే పదో తరగతి పిల్లలకు రెండు వైపులా నష్టం: ఆడలేరు, చదవలేరు. టౌను బడులు బ్రహ్మోత్సవాలు చూసుకోవాలి. అధిక మాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, ఒకటి దసరా సెలవులకు కలిసిరాదు. ఐదో రోజు గరుడసేవ. ఆ రోజు, మర్నాడు టెస్టు పెట్టకండి. ఆర్టీసీ బస్సులు కొండకు తిప్పుతారు, పల్లె పిల్లలు బడికి చేరడమే కష్టం. కాణిపాకం చుట్టుపక్కల బడులకు వినాయక చవితి నుంచి ఇరవై ఒక్క రోజులు ఇదే ఇబ్బంది. ఈ తేదీలన్నీ జూన్‌లోనే పంచాంగం చూసి, హెచ్ఎం సారు చెప్పిన నెల చార్టుల్లో ఎర్ర సిరాతో రాయించండి. మీ ఊరి జాతర ఏ వారమో పిల్లలకు తెలుసు, వాళ్లనే అడగండి.

రిహార్సళ్లు ఆఖరి పీరియడు, 45 నిమిషాలు, వారానికి మూడు రోజులు, నాలుగు వారాలు. తొమ్మిది గంటలవుతుంది, ఆరు నిమిషాల ఐటమ్‌కు అది ఎక్కువే. ఆఖరి పీరియడు ఎప్పుడూ ఒకే సబ్జెక్టు కాకుండా ఆ నెలకు టైంటేబుల్ తిప్పాలి. ఒక పిల్ల రెండు ఐటమ్‌లకు మించి వద్దు. ఈ నియమం లేకపోతే బాగా ఆడే పదిహేను మందే అన్నిట్లో ఉంటారు, మిగతా మూడు వందల మంది చప్పట్లు కొట్టేవాళ్లవుతారు. అద్దె దుస్తుల ఖర్చు ఎంతవరకు భరించగలరో చీటీల్లో అడగండి. డబ్బు లేని పిల్ల ఆ మాట నోటితో అనదు, కాలు నొప్పి అని తప్పుకుంటుంది. చెక్కభజన, కోలాటం పెడితే ఖర్చు చెక్కలకూ కర్రలకూ మాత్రమే. మన పల్లెల్లో నేర్పగలిగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను గురువులుగా పిలిచి, వేదిక మీద పిల్లల చేత శాలువా కప్పించండి. ఊరు బడికొచ్చేది ఇలాంటి వాటికే.

టైము లెక్క ముందే వేసుకోండి. 12 ఐటమ్‌లు ఆరేసి నిమిషాలు అంటే 72, మధ్యలో మూడేసి నిమిషాల ఖాళీ 36, నలుగురి మాటలు ఐదేసి నిమిషాలు 20, బహుమతులు 20. మొత్తం 148, అంటే రెండున్నర గంటలు. నాలుగున్నరకు మొదలుపెడితే ఏడుకు ముగుస్తుంది, బస్సులకు అందుతారు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఐటమ్‌లు ఆపకూడదు, వచ్చాక మాట్లాడతారు. ఇది ఆహ్వానించేటప్పుడే చెప్పాలి. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి ఎదురుచూడటం వేడుక అనిపించుకోదు. క్లాసువారీ బహుమతులు ముందురోజు ప్రేయర్‌లో ఇచ్చేస్తే వేదిక మీద ఇరవై నిమిషాలు సరిపోతాయి. నీళ్లు మనిషికి అర లీటరు: 320 మంది పిల్లలు, 300 మంది పెద్దలు అనుకుంటే 310 లీటర్లు, ఇరవై లీటర్ల క్యాన్లు పదహారు. పద్దెనిమిది తెప్పించండి. స్టేజీ, నీళ్లు, స్వాగతం, ప్రథమ చికిత్స, మర్నాటి శుభ్రత, ఈ అయిదు జట్లూ సంఘం కిందే ఉండాలి. శుభ్రత జట్టులో అమ్మాయిలనే వేయడం మాత్రం మొదట్లోనే ఆపండి.

సోషల్ టీచర్, చంద్రగిరి వైపు

చాలా వివరంగా చెప్పారు సార్. చివరిగా ఒకటి. ఫలితాలు వచ్చేది వేసవి సెలవుల్లో, పిల్లలు మన కళ్లముందు ఉండరు. ఆ రోజుకు ఏమైనా చేయగలమా?

స్కూల్ కౌన్సెలర్, తిరుపతి

చేయాలి మేడమ్, ఏడాది మొత్తంలో అతి జాగ్రత్తగా ఉండాల్సిన రోజు అదే. 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. పరీక్షలు ముగిసేలోపే పదో తరగతి పిల్లల పట్టీ తయారుచేసి ఆరుగురు టీచర్లు పంచుకోండి, ఒక్కొక్కరికి పన్నెండు పదమూడు మంది వస్తారు. ప్రతి పిల్లకూ రెండు నంబర్లు, ఒకటి ఇంటిది, ఒకటి పక్కింటివాళ్లదో బంధువులదో. ఇంటి ఫోను తండ్రి జేబులో పొలంలో ఉంటుంది, అందుకే రెండోది. ఫలితాల తేదీ ప్రకటించగానే ఆ టీచర్లు ఒకసారి ఫోన్ చేసి, ఎంత వచ్చినా మర్నాడు బడికి రమ్మని చెప్పాలి.

ఫలితాలు వచ్చిన గంటలోపు ముందుగా తప్పినవాళ్లకు, ఆ వెంటనే బాగా వస్తాయని ఆశపెట్టుకుని తగ్గినవాళ్లకు ఫోన్ చేయాలి. 580 అనుకుని 520 వచ్చిన పిల్లను ఎవరూ పట్టించుకోరు, ఇంట్లో మాటలు పడేది ఆ పిల్లే. ఫోన్‌లో మార్కుల చర్చ వద్దు. "అన్నం తిన్నావా, పక్కన ఎవరున్నారు" అని అడిగి, అమ్మకు ఇవ్వమనండి. ఈ రెండు మూడు రోజులు ఒంటరిగా వదలొద్దని, చుట్టాల ముందు పోల్చొద్దని ఆమెకు చెప్పండి. ఆ తర్వాత సప్లిమెంటరీ వివరం: 2025లో మే 19 నుంచి 28 వరకు జరిగాయి, అంటే నెల లోపే ఇంకో అవకాశం. ఫీజు గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి మర్నాడు బడి తెరిచి క్లర్కును కూర్చోబెట్టండి, తప్పిన సబ్జెక్టుకు ఏ టీచరు ఏ రోజు వస్తారో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో మార్కుల పట్టీ పెట్టొద్దని ముందురోజే టీచర్లందరికీ చెప్పి ఉంచండి. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే రెండో నంబరుకు, అదీ కలవకపోతే ఆ ఊళ్లో ఉండే కమిటీ సభ్యుణ్ణి ఇంటికి పంపండి, సాయంత్రం దాకా ఆగకండి.